కాటా కాడ రెండు పుస్తకాలు

ఆమె కంటే ముందు ఆమె నవ్వు వచ్చేది. మా ఆఫీసు బళ్ళారిలో ఒక టైర్ల దుకాణం మీది మేడగది. కింద దుకాణం వాళ్ళతో ఏదో ఒకటి అని, తనే ముందు నవ్వి, మెట్లెక్కి వచ్చేది. ఆ నవ్వు వినపడగానే నాకు కడుపులో మంట మొదలయ్యేది. ఆమెను చూసి నేను కుళ్ళుకున్నాను. కొద్దోగొప్పో కాదు, తిన్న తిండి వంటికి పట్టనంత. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఎందుకు అంత కుళ్ళో చెబితే మీరూ కాస్త నా పక్షానికి వస్తారేమోనని ఒక ఆశ.

అవి మా జిల్లాలో పలకరించినవాడల్లా లారీ కొన్న సంగతి చెప్పే రోజులు. నిన్నటిదాకా మిరప, పత్తి పండించినవాళ్ళు టైర్ల గురించి, డ్రైవర్ల గురించి మాట్లాడుకునేవాళ్ళు. సండూరు కొండల ఎర్రదుమ్ము సత్యనారాయణపేటలో మేం అద్దెకుండే ఇంటి దండెం దాకా వచ్చి, ఆరేసిన బట్టల మీద కూచునేది. గనినుంచి దిగిన ప్రతి లారీ కాటా ఎక్కాలి. బండి మొత్తం పట్టేంత పెద్ద తూకం బల్ల అది. ఖాళీగా ఒకసారి, ఖనిజంతో ఒకసారి తూచి, రెంటి తేడా కంప్యూటర్లోకి ఎక్కించి, చీటీ తీసి డ్రైవరు చేతిలో పెట్టాలి. బండిలో ఉన్న బరువూ చీటీలో ఉన్న బరువూ ఒకటేనా అన్నది మా పని కాదు, దాని గురించి మేం ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఆ కంప్యూటర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ మా సారు తయారుచేసింది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం నేను రాసింది.

నేను అనంతపురం వైపు నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చినదాన్ని. చదువు తెలుగులో మొదలై ఇంగ్లీషులో ముగిసింది. కన్నడం వింటే అర్థమవుతుంది, చదవాలంటే కూడబలుక్కోవాలి. కాటాల దగ్గర పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే, ఫోన్లో తెలుగే మాట్లాడతారు. అందుకని పుస్తకాన్ని ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో తెలుగు పెట్టి రాశాను. తెలుగు అంటే మామూలు తెలుగు కాదు. ‘వాహనము తూకపు వేదికపై నిశ్చలస్థితికి చేరిన పిమ్మట నమోదు మీటను నొక్కవలెను.’ ఇలా ఉంటుంది. మొదటి అధ్యాయం ‘కంప్యూటర్ అనగానేమి?’ ఆ అధ్యాయం రాసిన రోజు ఎంత పొంగిపోయానో, మా ఆయన్ని కూచోబెట్టి మొత్తం చదివి వినిపించాను. పాపం, విన్నాడు.

పుస్తకం వెళ్ళినచోటల్లా ఫోన్లు మొదలయ్యాయి.

“మేడమ్, బండి కాటా మీదికి ఎక్కిండాది. నంబరు నిలబడల్యా. ఏం చేసేది?”

“పుస్తకంలో ఉంది చూడప్పా.”

“ఆయ్తు మేడమ్, చూస్తాం.”

కాసేపటికి అదే మనిషి, అదే బండి, అదే ప్రశ్న. చూడలేదని నాకు తెలుసు. చూశానని అతను అంటాడు. ఇంకోవైపు లారీల కంపెనీల పెద్ద ఆఫీసుల్లో బీకాం చదివిన అకౌంటెంట్లు ఉండేవాళ్ళు. వాళ్ళకు నెల మొత్తం లెక్క ఒక్కచోట ఎలా తీయాలో కావాలి, అది నా పుస్తకంలో ఎక్కడో చివర ఉంటుంది. వాళ్ళలో ఒకాయన ఫోన్ చేసి, “మౌస్ అంటే ఏందో మాకు నేర్పిస్తాండారా మేడమ్? చిన్నపిల్లోళ్ళమనుకున్నారా?” అని అడిగాడు. కాటా దగ్గరివాడికి నా పుస్తకం బండెడు, అకౌంటెంటుకు అవమానం. ఇక బండ్ల యజమానులకు సాయంత్రం ఎన్ని ట్రిప్పులు పోయాయో తెలిస్తే చాలు, వాళ్ళు అట్ట కూడా తిప్పరు. వీళ్ళందరికీ కలిపి ఒకే పుస్తకం రాసి, ఎవరూ చదవడం లేదని జనాన్ని తిట్టుకునేదాన్ని.

అప్పుడు మా సారు ఆమెను తెచ్చాడు. పుస్తకం బాగు చేయడానికి అన్నాడు. పిల్లకు బాగోలేదని డాక్టరును పిలిచినట్టు నా ముందే అన్నాడు.

ఆమెది చోరనూరు. వాళ్ళ నాయనకు మెట్ట పొలాలు, వాటికి తోడు ఇప్పుడు లారీలు. ఆమెకు జీతం అవసరం లేదు, ఇంట్లో సుమ్నె, ఊరికే కూచోలేక వస్తున్నానని తనే చెప్పింది. నా డిగ్రీనే ఆమెదీ. కాకపోతే ఆమె పదో తరగతిదాకా కన్నడ మీడియం. రోజుకో రంగు చుడీదారు, స్కూటీ, చేతిలో కొత్త మొబైలు. అన్నిటికన్నా నాకు మండింది ఆమె తీరు. సారు ఏదైనా మెచ్చుకుంటే నేను “ఏముంది లెండి సార్” అని తల వంచుకునేదాన్ని. ఆమె “అవును సార్, బాగొచ్చింది గదా” అనేది. మనం వినయం చూపిస్తే సారు నమ్మేసేవాడు. ఆమె గొప్ప చెప్పుకుంటే అదీ నమ్మేసేవాడు.

వచ్చిన వారంలోనే తారానగర్ దగ్గరి కాటాకు పోయి కూచుంటానంది. సారు సరేనన్నాడు. రోజూ పొద్దున పోయి సాయంత్రం జుట్టు నిండా ఎర్రదుమ్ముతో వచ్చేది. అక్కడ ఏం చేస్తున్నావని అడిగాను, పని ఎగ్గొడుతోందేమో తెలుసుకుందామని.

“ఏమీ చేయనక్కా. వాళ్ళ పక్కన కూచుంటా. అర్థమైందా అని మాత్రం అడగను.”

“అదేం? అడగకపోతే ఎట్లా తెలుస్తుంది?”

“అడిగితే మనోళ్ళు ఎవరైనా కాలేదంటారా అక్కా? మర్యాద గదా. అయ్యిందమ్మా అంటారు. అందుకే, నువ్వే చేయప్పా నేను చూస్తా అంటా. అట్ల అన్నాక, ఆమేలె, నోరు మూసుకుంటా. యాడ చెయ్యి ఆగుతాదో ఆడ రాసుకుంటా.”

ఆ మాట విన్నాక ఆ పూటంతా నాకు పని సాగలేదు. నేను ఇంతకాలం ఫోన్లో ప్రతి మనిషినీ అర్థమైందా అప్పా అని అడిగి, అయ్యింది మేడమ్ అనిపించుకుని, పెట్టేసినదాన్ని. నాకు ఆ ఆలోచన రాకపోవడం ఒక బాధ. దానికి వచ్చిందన్నది అంతకు పదింతలు. నన్నూ కాటా దగ్గరికి పంపి ఉంటే నేనూ కనిపెట్టి ఉండేదాన్ని కదా అని సర్దిచెప్పుకున్నాను. పంపమని నేనెప్పుడూ అడగలేదన్నది వేరే సంగతి.

ఆమె రాసుకొచ్చింది అసలు పుస్తకమే కాదు. కాటా మనిషికి కొన్ని కాగితాలు, అవీ పెద్ద అక్షరాలతో, పక్కనే తెర బొమ్మ. అకౌంటెంటుకు వేరే పల్చని కట్ట, దాని మొదటి వాక్యమే ‘మీకు తెలిసినవి ఇందులో రాయలేదు’ అని. యజమానికి జేబులో పెట్టుకునే కార్డు ఒకటి, అందులో సాయంత్రం లెక్క చూసే దారి తప్ప ఇంకేమీ లేదు. కాటా కాగితాలు కన్నడ అక్షరాల్లో ఉన్నాయి. ఓహో, కన్నడ పుస్తకమా, కన్నడం వాళ్ళకు పనికొస్తుందిలే అని ఊపిరి పీల్చుకున్నాను. ఆమె భోజనానికి పోయినప్పుడు ఒక కాగితం తీసుకుని కూడబలుక్కుంటూ చదివాను. చదువుతుంటే చెవిలో కన్నడం వినిపించలేదు. ‘బండి కాటా మీద పూర్తిగా నిలబడాల. ఎనకల చక్రం బయట ఉంటే ఎంతసేపు చూసినా నంబరు నిలబడదు. క్లీనరును కిందికి దిగమను.’ అక్షరాలు కన్నడం, మాట మన తెలుగు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదువుకున్నవాళ్ళకు అతికినట్టు సరిపోయే రాత. నోట్లో నుంచి తీసి కాగితం మీద పెట్టినట్టుంది.

సారుతో నేను గట్టిగానే వాదించాను. ఇది ఇటూ కాని, అటూ కాని రాత అన్నాను. తెలుగు అక్షరాలకూ కన్నడ అక్షరాలకూ తలకట్టు దగ్గర తేడా తప్ప పెద్దగా ఏముంది, అది వచ్చినవాడికి ఇది రాదా అన్నాను. భాషను చంపుతున్నారన్నాను. సారు పెన్సిలుతో చెవి గోక్కుంటూ విని, ఇద్దరివీ కాటాకు పంపుదామన్నాడు. తారానగర్ కాటా యజమానికి ఇంకా చాలా కాటాలున్నాయి. ఆయన ఏది ఒప్పుకుంటే అదే అన్ని మిషన్లతో పోతుంది, అది రాసినవాళ్ళే కొత్తగా పెట్టబోయే ట్రైనింగ్ పని చూసుకోవాలి అన్నాడు. నాకు ఆ పని కావాలి. ఇంకా నిజం చెప్పాలంటే, నాకు రావడం కన్నా ఆమెకు రాకపోవడం కావాలి.

నా పుస్తకాన్ని మళ్ళీ రాశాను. మూడు భాగాలు చేశాను, ఒక్కో భాగానికి ఒక్కో రంగు. ప్రతి తెరకూ బొమ్మ పెట్టాను. చివర పదాల పట్టిక చేర్చాను. భాష మాత్రం దించలేదు. ‘పిమ్మట’ తీసేస్తే ఆమె గెలిచినట్టే అనిపించింది. మెరిసే అట్ట వేయించి, దారంతో కుట్టించాను. ఇంట్లో టీవీ చూస్తున్న మా ఆయన ఒకసారి ఇటు తిరిగి, “ఎవరి మీద కోపంతో రాస్తాండావు?” అని అడిగాడు. అన్నం నువ్వే వడ్డించుకో అన్నాను.

రెండూ కాటాకు వెళ్ళాయి. ఆ తరువాత ఫోన్లు తగ్గాయి. ఎవరి పుస్తకం వల్ల తగ్గాయో ఎవరికీ తెలియదు, నా వల్లేనని నేను అనుకుంటూ ఉండేదాన్ని. అప్పుడప్పుడు వచ్చే ఫోన్లలో కూడా నేను ఎత్తితే, “ఆ యమ్మ లేదా మేడమ్? ఆ యమ్మకియ్యండి స్వల్ప” అనేవాళ్ళు. ఇచ్చేదాన్ని. ఆమె వాళ్ళతో మాట్లాడుతూ నవ్వుతుంటే నా కాగితాల్లోకి తల దూర్చుకునేదాన్ని.

ఆయుధపూజకు యజమాని మమ్మల్ని కాటా దగ్గరికి పిలిచాడు. పుస్తకం సంగతీ అక్కడే తేలుద్దామన్నాడట. సారు జీపులో ముందు కూచున్నాడు, మేమిద్దరం వెనక. ఆమె ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొచ్చింది, దారి పొడుగునా పాటలు పాడింది. అక్కడ లారీలన్నీ కడిగి, అరటిపిలకలు కట్టి, బంతిపూల దండలేసి వరసగా నిలబెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు, దారి మధ్యలో కుంకుమ పూసిన గుమ్మడికాయ ముక్కలు. కాటాకు కూడా పసుపునీళ్ళు చల్లారు.

కాటా గదిలో అడుగు పెట్టగానే నా పుస్తకం కనిపించింది. కంప్యూటర్‌కు విభూతి పట్టెలు, కీబోర్డు మీద కుంకుమ చుక్కలు. ఆ పక్కన ఎత్తుగా వేసిన చెక్క మీద, దేవుడి పటాల మధ్య, నా పుస్తకం. అట్టకు పసుపు, దాని మీద పెద్ద కుంకుమ బొట్టు, పైన మల్లెపూల చెండు, ముందు ఊదొత్తులు. ఆమె కాగితాలు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేవు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఇన్ని నెలల మంట మీద ఎవరో చెంబెడు చల్లటి నీళ్ళు పోసినట్టయింది. ఆమెవైపు తిరిగి చూశాను. చూసుకో అన్నట్టే చూశాను.

కాటా ఆపరేటరు నడివయసు మనిషి. కొత్త చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని ఉన్నాడు. నేనే ఆ పుస్తకం రాసినదాన్నని సారు చెప్పగానే నాకు దండం పెట్టాడు.

“బాగా చూసుకుంటున్నావప్పా పుస్తకాన్ని” అన్నాను.

“సరస్వతి గదమ్మా. మా చేతులు చూడండి, ఎప్పుడూ ఎర్రమట్టే. ఆ చేతుల్తో యాడ పట్టుకునేది? పట్టుకోం. వచ్చినప్పటి నుంచి ఆడే పెట్టిండాం, దేవుని కాడ.”

“మరి చదవడం?”

అతను కొంచెం సిగ్గుపడ్డాడు. “అవి మన తెలుగు అక్షరాలంట గదమ్మా. మా అవ్వ వాళ్ళ ఇంట్లో రామాయణం ఉండేది, అచ్చం ఇట్లనే. మాకు బడిలో అంతా కన్నడమే. చదవను రాదు గాని, చూస్తే కండ్లకద్దుకోవాలనిపిస్తాది. రోజూ పొద్దున బటన్ నొక్కేముందు దండం పెట్టుకుంటాం.”

ఈ మాట ఫోన్లో ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదు. చదవను రాదని చెబితే రాసినమ్మ నొచ్చుకుంటుందని వాళ్ళ మర్యాద. నేను అతను కూచునే కుర్చీవైపు చూశాను. కుర్చీకి ఎదురుగా, కిటికీ పక్క గోడకు, ఆమె కాగితాలు అతికించి ఉన్నాయి. అన్నంతో అతికించినట్టున్నారు, అంచులు గట్టిపడి లేచాయి. ప్రతి వరస మీదా ఎర్రటి వేలిముద్రలు. ఒకచోట టీ మరక. ‘క్లీనరును కిందికి దిగమను’ దగ్గర ఎవరో పెన్నుతో గీతలు గీసి, పక్కన ‘డ్రైవరును గూడా’ అని రాసుకున్నారు. కింద ఇంకో చేతిరాతలో ఇంకేవో రెండు మాటలు. కాగితం తెల్లగా ఉన్న చోటు వెతుక్కోవాలి. పండుగకు గదంతా కడిగారు కానీ ఆ గోడ జోలికి పోలేదు, తడిస్తే మాటలు పోతాయని.

నా పుస్తకం మీద ఒక్క మరక లేదు. పసుపు కుంకుమలు తప్ప.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ ఎర్ర వేలిముద్రలు నావి కావాల్సింది అనిపించింది. మల్లెచెండు తీసి ఆ గోడకు కట్టి, ఆ మురికి కాగితాలు నేను ఎత్తుకుపోదామనిపించింది. దండం పెడుతున్నవాడి ముందు నిలబడి, దండం పెట్టించుకుంటూ, పక్కవాళ్ళ టీ మరక మీద కుళ్ళుకున్న మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అంతలో యజమాని వచ్చాడు. తెల్లచొక్కా, వేళ్ళకు ఉంగరాలు, చుట్టూ మనుషులు. సారు సంగతి చెప్పాడు. ఆయన గోడవైపు ఒకసారి, చెక్కవైపు ఒకసారి చూశాడు.

“ఇందులో అడిగేదేముందప్పా. అదిగో, అది పుస్తకం. ఎట్ల ఉండాది చూడు, నిండుగా. రేపు ఎవరన్నా ఆఫీసరు వచ్చి ఏదప్పా మీ పుస్తకం అంటే ముందర పెట్టేకి ఉండాల్నా వద్దా? గోడకు అంటించేది పుస్తకమా? దాన్నే అన్ని కాటాలకూ పంపియ్యి.”

సారు నావైపు తిరిగి కంగ్రాచులేషన్స్ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరో నా చేతిలో బెల్లం, పుట్నాలు పోశారు. నా పుస్తకం ఇంక ఎన్ని కాటాలున్నాయో అన్ని చెక్కల మీదికీ ఎక్కుతుంది, అన్నిచోట్లా బొట్టు పెట్టించుకుంటుంది. ఆపరేటరు నా ముందే ఆమె పక్కకు పోయి, ఆ కాగితాలు ఇంకో సెట్టు జెరాక్సు కావాలని, బావమరిది పనిచేసే కాటాకు పంపాలని మెల్లగా అడుగుతున్నాడు. ఆమె సరేనంటోంది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో జీపు ఆపి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాం. సారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ చెట్టుకింద తిరుగుతున్నాడు. నేను ఆమె ముఖం చూస్తూ కూచున్నాను. ఓడిపోయింది కదా. ఎక్కడో ఒకచోట, కంటి చివరో పెదవి చివరో, మంట కనిపించకుండా ఉంటుందా అని వెతుకుతున్నాను. అది ఒక్కసారి కనిపిస్తే నాకు ఆ రోజుకు చాలు.

ఆమె బజ్జీ కొరికి, ఊదుకుంటూ, “అక్కా, నీ పుస్తకం మొత్తం చదివినా” అంది.

“ఎప్పుడు?”

“వచ్చిన కొత్తలోనే. రెండుసార్లు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటా. కొత్తది గూడా చదివినా. కరెంటు పోతే ఏం చేయాలని ఒక పేజీ రాసినావే, అది చదివినప్పుడు ఎంత కుళ్ళొచ్చిందో నాకు. రెండు దినాలు నీతో సరిగ్గా మాట్లాడల్యా, నువ్వు చూడలేదేమో. అట్ల రాసేకి నాకు రాలేదక్కా. ఎన్నిసార్లు రాసినా నీదే బాగుంది. దాన్ని నా కాగితంలో వేసుకుంటా, ఏమనుకోవద్దు.”

ఆ పేజీ నాకు గుర్తే. ఒక మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోతే, ఉక్కపోతలో ఏ పుస్తకమూ ముందు పెట్టుకోకుండా, విసుగ్గా పెన్సిలుతో గీకిన పేజీ. ‘బండిని కదిలించకు. ఇంజను ఆపించు. బండి నంబరు చీటీ మీద రాసి జేబులో పెట్టుకో. కరెంటు వచ్చాక మొదటినుంచి చెయ్యి.’ భాష బాగా లేదని తరువాత దిద్దుదామనుకుని మరిచిపోయాను.

వేసుకో అన్నాను. ఆమె ఇంకో బజ్జీ తీసుకుని, నూనె వేళ్ళు కాగితానికి తుడుచుకుని, సారును పిలిచి, “సార్, అక్క మీద నాకెంత కుళ్ళో చెప్తాండా, వినండి” అని నవ్వడం మొదలుపెట్టింది. జీపు డ్రైవరు కూడా నవ్వాడు. ఇన్ని నెలలుగా నా లోపల ఎవరికీ చూపించకుండా పెంచుకున్నదాన్ని, ఆమె బజ్జీ తింటూ అందరి ముందూ బయట పెట్టేసి, మూతి తుడుచుకుని, మరిచిపోయింది. అలా అనగలగడం నాకు ఈ జన్మలో రాలేదు. అది చూసి కూడా కుళ్ళుకున్నాను.